వరికోత మిషన్‌లో వడ్లు శుభ్రంగా రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కింద, చెరువుల కింద పొలాలన్నీ ఇంచుమించు ఒక్కసారే కోతకొస్తాయి. మిషన్ దొరికితే చాలనుకునే ఆ కొద్ది రోజుల్లో ట్యాంకులో ఏం పడుతోంది, గడ్డిలో ఏం పోతోంది అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. తీరా కొనుగోలు కేంద్రంలో తాలు (గింజ లేని పొల్లు, పొట్టు) ఉందని తూకంలో తరుగు తీస్తుంటే గొడవ మొదలవుతుంది. ఆ తాలులో ఎక్కువ భాగాన్ని పొలంలో, మిషన్ మీదనే ఆపొచ్చు. వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్, జగిత్యాల వైపు రైతులు, మిషన్ యజమానులు, డ్రైవర్లు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

మిషన్ కొత్తదే. అయినా ట్యాంకులోకి తాలు, గడ్డి ముక్కలు ఎందుకు వస్తున్నాయి?

మిషన్ లోపల జరిగేవి మూడు వేర్వేరు పనులు. డ్రమ్ము కంకి నుంచి గింజను రాలుస్తుంది. డ్రమ్ము కింది జాలీ గింజను కిందికి వదిలి గడ్డిని వెనక్కి పంపుతుంది. జాలీలోంచి గింజతో పాటు పడిన పొట్టు, పొల్లు, చిన్న గడ్డి ముక్కలను జల్లెడలు, ఫ్యాన్ కలిసి వేరుచేస్తాయి. తాలు కనబడగానే అందరి చూపూ ఫ్యాన్ మీదకే పోతుంది. కానీ చాలాసార్లు తప్పు డ్రమ్ము దగ్గరే ఉంటుంది. డ్రమ్ము అవసరానికి మించి తిరిగితే గడ్డి నలిగి పొడిపొడి అవుతుంది, ఆ ముక్కలన్నీ జాలీలోంచి జల్లెడ మీద పడతాయి. అంత చెత్తను ఏ ఫ్యాన్ కూడా ఊదలేదు.

రెండో కారణం ఇంజన్‌ను తక్కువ వేగంలో నడపడం. మూడోది మన పొలాల్లో రోజూ కనిపించేదే. మిషన్ వెనక నడిచే రైతు గడ్డిలో నాలుగు గింజలు చూసి అరుస్తాడు, డ్రైవర్ ఫ్యాన్ గాలి తగ్గిస్తాడు. గడ్డిలో గింజ ఆగినట్టే కనిపిస్తుంది, తాలంతా ట్యాంకులోకి వస్తుంది. గింజ వెనక్కి పోవడానికి జల్లెడ మూసుకుపోవడమో, బండి మరీ జోరుగా నడవడమో కారణమైతే గాలి తగ్గించి లాభం లేదు.

ఇంజన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత ఉండాలి? తక్కువలో నడిపితే డీజిల్ మిగులుతుందని డ్రైవర్ అంటున్నాడు.

కోత కోసేటప్పుడు ఇంజన్ ఎంత వేగంలో తిరగాలో ఆ మిషన్ పుస్తకంలో ఉంటుంది. చాలా మిషన్లకు మీటర్ మీద పచ్చ గీత కూడా ఉంటుంది. మీటర్ మీద ×100 అని రాసి ఉంటే 22 దగ్గర ముల్లు ఉందంటే 2200 అని అర్థం.

డ్రమ్ము, ఫ్యాన్, జల్లెడ, గింజను పైకి ఎత్తే ఎలివేటర్ అన్నీ ఆ ఒక్క ఇంజన్ నుంచే బెల్టుల మీద తిరుగుతాయి. ఇంజన్ వేగం 20 శాతం తగ్గిస్తే ఫ్యాన్ వేగమూ 20 శాతం తగ్గుతుంది, గాలి ఒత్తిడి మాత్రం 36 శాతం పడిపోతుంది. జల్లెడ ఊపు మందగించి దాని మీద సరుకు మందంగా పేరుకుంటుంది. డ్రమ్ములో రాలని కంకులు మిగులుతాయి. ఒక్క యాక్సిలరేటర్ దించితే మూడు చోట్లా పని చెడుతుంది.

అందుకే ఈ పేజీ మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకోమంటే ఇది: లోడు ఎక్కువైతే ఇంజన్ వేగం తగ్గించకండి, బండి నడక తగ్గించండి. గేరు మార్చండి, లేదా బండి నడకను మార్చే హైడ్రో లీవర్ వెనక్కి తీయండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. మలుపు దగ్గర కూడా లోపలి సరుకు బయటికి పోయేదాకా ఇంజన్‌ను అదే వేగంలో ఉంచాలి. మలుపుల్లో ఆర్‌పీఎం దించే అలవాటు వల్లే పొలం చివర్లలో తాలు, గింజ నష్టం రెండూ ఎక్కువవుతాయి.

మరి బండి ఎంత నడకలో పోవాలి? గంట లెక్కన కిరాయి కడుతున్నాం కదా.

నిలబడి ఉన్న, ఎండిన చేనులో గంటకు 3 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. కొలవడం తేలిక. గెట్టు మీద 20 మీటర్లకు రెండు కర్రలు పాతి, మిషన్ ఆ దూరం ఎన్ని సెకన్లలో దాటుతుందో ఫోన్‌లో చూడండి. 24 సెకన్లయితే గంటకు 3 కిలోమీటర్లు. 2 మీటర్ల కట్టర్ బార్ (ముందుండే కత్తుల పట్టీ) ఉన్న చైన్ మిషన్ (టైర్లకు బదులు చైన్ పట్టీల మీద నడిచేది) ఆ నడకన లెక్కకు గంటకు ఎకరంన్నర కోస్తుంది. మలుపులు, ట్యాంకు ఖాళీ చేయడం తీసేస్తే ఎకరం చుట్టూ వస్తుంది. చేను ఒత్తుగా ఉన్నా, గడ్డి పచ్చిగా ఉన్నా 2 కిలోమీటర్లకు దించాల్సిందే.

కిరాయి సంగతి కూడా లెక్క వేద్దాం. ఎకరానికి 25 క్వింటాళ్లు పండే పొలంలో ఒక్క శాతం గింజ గడ్డిలో పోతే 25 కిలోలు పోయినట్టు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాకు 2369 రూపాయలు. అంటే ఎకరానికి 590 రూపాయల పైమాట. జోరుగా తోలితే నష్టం ఒక్క శాతం దగ్గర ఆగదు. కొన్ని నిమిషాల కిరాయి మిగిలిందని సంతోషపడేలోపే అంతకంటే ఎక్కువ గడ్డిలో కలిసిపోతుంది. గంటకు కాకుండా ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటే డ్రైవర్‌కు ఇంకా తొందర ఉంటుంది, అప్పుడు నడక మీద మీ కన్ను మరింత ఉండాలి.

డ్రమ్ము వేగం, జాలీ సందు ఎంత పెట్టాలి?

వరికి వాడేది ఎక్కువగా పళ్ల డ్రమ్ము. చుట్ల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం, డ్రమ్ము పెద్దదైతే అవే చుట్లకు పన్ను ఎక్కువ జోరుగా కొడుతుంది. పళ్ల కొనల దాకా డ్రమ్ము వ్యాసం మీటర్లలో కొలవండి, దాన్ని 3.14తో, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 60తో భాగించండి. వచ్చేది సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో చెబుతుంది. 60 సెంటీమీటర్ల డ్రమ్ము 500 చుట్లు తిరిగితే 15.7 మీటర్లు, 600 అయితే 18.8, 700 అయితే 22. వరికి 15 నుంచి 20 మీటర్ల మధ్యలో చాలావరకు పని జరిగిపోతుంది. ఎండిన యాసంగి పంటకు కింది కొస, పచ్చిగడ్డి ఉన్న వానాకాలం పంటకు పై కొస.

పద్ధతి ఇది. మాన్యువల్‌లో వరికి చెప్పినదాంట్లో తక్కువ వేగంతో మొదలుపెట్టండి. 30 మీటర్లు కోసి ఆపి, వెనక పడిన గడ్డిలోంచి పది చోట్ల పది గుప్పెళ్లు తీసి కంకులు దులపండి. రాలని గింజలు దాదాపు అన్ని గుప్పెళ్లలో కనిపిస్తే వేగం కొద్దిగా పెంచండి, 50 చుట్లకు మించి ఒకేసారి వద్దు. ఒకటి రెండు గుప్పెళ్లలో, అదీ కంకి మొదట్లోని పచ్చి గింజలే మిగిలితే అక్కడ ఆగిపోండి. ఆ చివరి పచ్చి గింజ కోసం వేగం పెంచితే పండిన గింజ పగులుతుంది.

పళ్ల కొనకు, జాలీకి మధ్య సందు 20–25 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. పంజాబ్ తయారీ పెద్ద టైర్ మిషన్లలో ముందు సందు వెనకదానికంటే ఎక్కువ ఉండాలి. గడ్డి లోపలికి సాఫీగా పోవాలంటే అది అవసరం. చైన్ మిషన్లలో చాలావాటికి సందు మార్చే వీలుండదు, డ్రమ్ము మూత లోపల గడ్డిని వెనక్కి నడిపే పట్టీలు ఉంటాయి. వాటి వాలు మారిస్తే గడ్డి డ్రమ్ములో ఎక్కువ సేపు ఉంటుంది, లేదా తొందరగా బయటపడుతుంది. కంకులు రాలకపోతే ఎక్కువ సేపు ఉంచాలి. గడ్డి ముక్కలై ట్యాంకు నిండా చెత్త వస్తే తొందరగా వదలాలి. కొన్నింటిలో డ్రమ్ము వేగం మార్చాలంటే పుల్లీ మార్చాలి, అది పొలంలో అయ్యే పని కాదు. సీజన్ మొదలవకముందే చూసుకోండి.

ట్యాంకులో బియ్యం గింజలు, పగిలిన వడ్లు కనిపిస్తున్నాయి. ఫ్యాన్ లోపమా?

కాదు. డ్రమ్ము వేగం ఎక్కువ, లేదా సందు తక్కువ, లేదా చేను మరీ ఎండిపోయింది. ఇవి మూడూ సరిగానే ఉంటే ఆగర్ (గింజను పక్కకు తోసే మర) రెక్క అంచు, ఎలివేటర్ చైన్ బిగువు చూడండి. అరిగిన ఆగర్ రెక్కకు, తొట్టికి మధ్య గింజ నలుగుతుంది. సరిగా రాలని కంకులను మళ్లీ డ్రమ్ముకు పంపే రిటర్న్ ఎలివేటర్ నిండా మంచి గింజే తిరుగుతుంటే అదే గింజ మళ్లీ మళ్లీ దెబ్బలు తింటుంది.

కంటికి కనబడే పగులు కంటే కనబడని పగులు పెద్ద నష్టం. యాసంగిలో వడ్లు చేనులోనే 15 శాతం తేమకు దిగి, పగలు ఎండకు రాత్రి చల్లదనానికి గింజ లోపల నెర్రెలు పడతాయి. పైన పొట్టు మామూలుగానే ఉంటుంది. ఇరవై గింజలు చేత్తో ఒలిచి, ఒక్కో బియ్యపు గింజను సెల్‌ఫోన్ లైటుకు అడ్డంగా పట్టి చూడండి. అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తే అది మిల్లులో రెండు ముక్కలవుతుంది. చేనులో గింజను ఒలిచి చూసినప్పుడే గీతలు ఉంటే మిషన్‌ను అనడం న్యాయం కాదు, కోత ఆలస్యమైంది. ట్యాంకులోని గింజల్లో మాత్రమే ఉంటే డ్రమ్ము వేగం దించాలి.

గింజ తేమ 20–24 శాతం ఉన్నప్పుడు, కంకిలో 80–85 శాతం గింజలు పండుబారినప్పుడు కోత పెట్టుకోవడం మంచిది.

జల్లెడ, ఫ్యాన్ సరిచేసే వరుస ఏమిటి?

ముందు డ్రమ్ము సరిచేయనిదే ఇక్కడికి రాకూడదు. తర్వాత పై జల్లెడ, దాని వెంట ఫ్యాన్, చివర కింది జల్లెడ. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

పై జల్లెడ రెక్కలను మూడింట రెండు వంతులు తెరిచి, గాలి బాగా పెట్టి మొదలుపెట్టండి. గింజ వెనక్కి పోతుంటే గాలి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రండి. గింజ పోవడం ఆగిన చోట ఆగండి. ఇప్పుడు ట్యాంకులో గడ్డి పుల్లలు ఉంటే పై జల్లెడను కొద్దిగా మూయండి. పుల్లలు లేవు గానీ పొట్టు, పొల్లు ఉంటే గాలి చాలలేదు, లేదా గాలి దారి తప్పింది. ఫ్యాన్ ముందున్న రేకు గాలిని జల్లెడ ముందు భాగానికి మళ్లించాలి. సరుకు మందంగా పడేది అక్కడే.

తక్కువ గాలితో కూడా గింజ వెనక్కి పోతుందన్న సంగతి చాలామందికి తెలియదు. గాలి చాలకపోతే పొట్టు, గింజ కలిసి చాపలా పరుచుకుని జల్లెడ మీదుగా జారిపోతాయి. గడ్డిలో గింజ కనిపించగానే గాలి తగ్గించకూడదని పైన చెప్పింది ఇందుకే. ఏది కారణమో తేల్చుకోవాలంటే నిండు లోడు మీద ఉన్న మిషన్‌ను ఒక్కసారిగా ఆపి, తాళం చెవి తీసి, డ్రమ్ము పూర్తిగా ఆగాక జల్లెడ పక్క మూత తెరిచి చూడండి. సరుకు ఎక్కడిదక్కడే ఆగి ఉంటుంది. జల్లెడ మొదటి మూడింట రెండు వంతుల్లోనే గింజంతా దిగిపోయి, చివరి భాగంలో పొట్టు మాత్రమే ఉండాలి. చివర దాకా గింజ, పొట్టు కలిసి మందంగా ఉంటే గాలి తక్కువ, లేదా బండి జోరు ఎక్కువ. జల్లెడ ముందు భాగం ఖాళీగా ఉండి గింజలు వెనక చెల్లాచెదురుగా ఉంటే గాలి ఎక్కువ. టర్బో ఇంజన్‌ను ఇలా ఆపడం మంచిది కాదు కాబట్టి సెట్టింగ్ చేసేటప్పుడు మాత్రమే, ఒకటి రెండుసార్లకే పరిమితం చేయండి.

రిటర్న్ ఎలివేటర్ మూత కూడా అప్పుడే తెరిచి ఒక గుప్పెడు తీయండి. సగం రాలిన కంకి ముక్కలు ఎక్కువ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. మంచి గింజే ఎక్కువ ఉంటే కింది జల్లెడ మరీ మూసి ఉంది. గడ్డి, పొట్టు ఎక్కువ ఉంటే పై జల్లెడ మరీ తెరిచి ఉంది.

దొడ్డు వడ్లకు పెట్టిన సెట్టింగే సన్నాలకూ పనికొస్తుందా?

పనికిరాదు. దొడ్డు రకం ఎంటీయూ 1010 వెయ్యి గింజలు 23 గ్రాముల దాకా తూగుతాయి. సన్న రకం తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, వెయ్యి గింజలు 12–13 గ్రాములే. సాంబ మసూరి కూడా తేలికే. 1010 కోసిన పొలం నుంచి నేరుగా సోనా పొలంలోకి దిగితే అదే గాలికి సన్నగింజ వెనక్కి పోతుంది. సన్నాలకు గాలి ఒక మెట్టు తగ్గించి, బండి నడక కూడా తగ్గించి, జల్లెడ మీద సరుకు పలుచగా పడేలా చూడాలి. గాలి ఒక్కటే తగ్గిస్తే తాలు మిగులుతుంది. దోమపోటు, మెడవిరుపు తగిలిన సన్నాలలో సగం నిండిన గింజకు, మంచి గింజకు బరువులో తేడా కొంచెమే. అక్కడ మిషన్ మీద పూర్తిగా వేరుచేయాలని పట్టుబట్టకండి, మంచి గింజ పోతుంది. మిగిలింది కల్లంలో ప్యాడీ క్లీనర్‌కు వదిలేయండి.

గడ్డిలో ఎంత పోతోందో సరిగా కొలవడం ఎలా?

అడుగు పొడవు, అడుగు వెడల్పుతో ఇనుప కడ్డీ చట్రం ఒకటి చేయించుకోండి. మూడు చోట్ల లెక్కపెట్టాలి. మొదట కోయని చేనులో, మొదళ్ల మధ్య నేల మీద: ఇది చేనులో దానంతట రాలింది. తర్వాత మిషన్‌ను ఆపి ఒక బండి పొడవు వెనక్కి తీసి, కట్టర్ బార్ దాటిన చోట. ఇక్కడ పెరిగిన గింజలు రీలు (చేనును లోపలికి వంచే చక్రం), కత్తుల వల్ల రాలినవి. చివరగా మిషన్ వెనక గడ్డి పడిన చోట, గడ్డిని దులిపి పక్కకు తీసి నేల మీద. ఇక్కడ ఇంకా పెరిగినవే డ్రమ్ము, జల్లెడల నష్టం. ప్రతిచోటా కనీసం మూడు చట్రాలు వేసి సగటు తీయండి.

ఎకరానికి 25 క్వింటాళ్ల దిగుబడిలో ఒక్క శాతం నష్టమంటే పొలమంతా పరిస్తే చదరపు అడుగుకు 1010 గింజలు 25, తెలంగాణ సోనా గింజలు 46. అయితే మిషన్ 2 మీటర్ల వెడల్పు కోసి గడ్డిని మీటరు పట్టీగా వదిలితే ఆ పట్టీలో గింజలు రెట్టింపు కనిపిస్తాయి. అంటే అక్కడ 1010కి 50, సోనాకు 90 చొప్పున ఉంటే ఒక్క శాతం. ఈ లెక్క తెలియక గడ్డి పట్టీలో ఇరవై గింజలు చూసి డ్రైవర్‌తో తగాదా పడేవాళ్లున్నారు. ఇరవై అంటే నిజానికి మంచి పనే.

కట్టర్ బార్ దగ్గరే ఎక్కువ రాలుతుంటే రీలు వేగం తగ్గించండి. రీలు బండి నడక కంటే కొంచెమే జోరుగా తిరగాలి, కంకులను కొట్టకూడదు, మెల్లగా లోపలికి వంచాలి.

పొద్దున ఎన్ని గంటలకు మొదలుపెట్టొచ్చు?

గడ్డి చేత్తో నలిపితే తడి అంటకపోతే మొదలుపెట్టొచ్చు. వానాకాలం పంటకు మంచు ఎక్కువ కాబట్టి చాలా రోజులు పది దాటుతుంది. తడి పొట్టు జల్లెడ రంధ్రాలకు అంటుకుపోతుంది, ఆ తర్వాత ఎండ వచ్చినా తుడిచేదాకా వదలదు. కోతకు వారం పది రోజుల ముందే మడిలో నీళ్లు తీసేయడం మరిచిపోవద్దు.

చేను పడిపోయింది. ఎట్లా కోయాలి?

పడిన దిశకు ఎదురుగా, లేదా ఏటవాలుగా కోయండి. రీలు ముందుకు జరిపి కిందికి దించండి. కత్తి నేలకు తగిలితే మట్టి పెడ్డలు నేరుగా ట్యాంకులోకి వస్తాయి. పొలంలో నాలుగు గింజలు మిగిలినా సరే, మట్టి రానివ్వకండి. మద్దతు ధర నిబంధనల్లో మట్టి, రాళ్ల వంటివి 1 శాతం దాటకూడదు.

నిలబడిన చేనులో మాత్రం గడ్డి అవసరం లేకపోతే కొంచెం ఎత్తుగా కోయండి. డ్రమ్ములోకి గడ్డి తక్కువ పోతే మిగతా పనులన్నీ తేలికవుతాయి. పశువులున్నవాళ్లు కింద కోయమంటారు, అది న్యాయమే, అప్పుడు నడక తగ్గించాలి. ఊద, తుంగ లాంటి కలుపు ఎక్కువున్న మడిని వేరుగా, చివరన కోయించండి.

డ్రమ్ము పట్టేస్తే?

ఇంజన్ ఆపండి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి, తర్వాతే మూత తెరవండి. ఇంజన్ తిరుగుతుండగా గడ్డి లాగబోయి చేతులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. క్లచ్ తీశాం కదా అనే ధీమా వద్దు. గడ్డిని కొడవలితో కోస్తూ కొద్దికొద్దిగా తీయండి. అంతా తీశాక బెల్టు కాలిందేమో చూడండి, కాలిన బెల్టు ఆ తర్వాత జారుతూనే ఉంటుంది. పదేపదే పడుతుంటే తడి గడ్డి, అరిగిన పళ్లు, ఎగుడుదిగుడుగా లోపలికి పోయే చేను, ఈ మూడింట్లో ఒకటి కారణం.

సీజన్‌కు ముందు ఏమేం మార్చాలి?

డ్రమ్ము పళ్లు ముందు వైపు అరిగి గుండ్రబడతాయి. మళ్లీ బిగించే వీలున్నవాటిని తిప్పి బిగిస్తే రెండో వైపు కూడా వాడుకోవచ్చు. ఒక పన్ను మారిస్తే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదీ మార్చాలి, లేకపోతే డ్రమ్ము బరువు ఒకపక్కకు ఒరిగి వణుకు పుట్టి బేరింగులు పోతాయి. జాలీ కడ్డీలు అరిగి సందులు పెద్దవైతే ఎంత సెట్టింగ్ చేసినా గడ్డి ముక్కలు ఆగవు, జాలీ మార్చాల్సిందే. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 10–15 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోకూడదు. ఫ్యాన్ గాలి పీల్చే నోటికి గడ్డి, దుమ్ము అడ్డం పడకుండా రోజూ తుడవాలి. పుల్లీ మీద మెరుపు టేపు అంటించి లైటుతో చుట్లు లెక్కించే చిన్న టాకోమీటర్ ఒకటి కొనుక్కుంటే డ్రమ్ము, ఫ్యాన్ వేగాలను ఊహించే అవసరం ఉండదు. మిషన్ యజమానికి ఇంతకంటే మంచి పెట్టుబడి లేదు.

కేంద్రానికి పోకముందే మా వడ్లలో తాలు ఎంతో మేమే చూసుకోవచ్చా?

చూసుకోవాలి. కుప్పలో ఐదారు చోట్ల లోపలి నుంచి వడ్లు తీసి కలిపి, సరిగ్గా ఒక కిలో తూకం వేయండి. చాటలో చెరిగి గడ్డి ముక్కలు, పొట్టు, కలుపు గింజలు వేరుచేసి, బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటాలో తూచండి. 10 గ్రాములైతే 1 శాతం, నిబంధన ప్రకారం అదే హద్దు. 40 కిలోల బస్తాలో అది 400 గ్రాములు. సగం నిండిన, ముడుచుకున్న గింజలు ఈ లెక్కలోకి రావు, వాటి హద్దు వేరుగా 3 శాతం. తేమ హద్దు 17 శాతం. 22 శాతం తేమతో కోసిన క్వింటా వడ్లు 17కు ఆరేసరికి 94 కిలోలవుతాయి. ఆ 6 కిలోలు నీళ్లు, తరుగు కాదు. ఈ కొలత రాసిపెట్టుకుని పోతే కేంద్రంలో తాలు పేరుతో ఎంత తీయాలన్న దగ్గర మాట్లాడటానికి మీ చేతిలో ఒక లెక్క ఉంటుంది.

ముందు పొలం వడ్లు మా వడ్లలో కలుస్తున్నాయి. సన్నాల బోనస్‌కు ఇబ్బంది కాదా?

అవుతుంది. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. గింజ సన్నమా కాదా అన్నది కాలిపర్‌తో కొలిచి తేలుస్తారు. ముందు దొడ్డు రకం కోసిన మిషన్ అయితే మీ పొలంలోకి దిగకముందే ఖాళీగా రెండు మూడు నిమిషాలు పూర్తి ఆర్‌పీఎంలో తిప్పించండి. తర్వాత ఇంజన్ ఆపి ఆగర్ అడుగు మూతలు, రెండు ఎలివేటర్ల కింది మూతలు తెరిచి దులపండి. ఎక్కువ గింజ దాగేది అక్కడే. మొదటి ట్యాంకులో పడే తొలి బస్తా వడ్లను పక్కన పెట్టండి. విత్తనం కోసం కోసేవాళ్లు ఇవన్నీ చేసి, డ్రమ్మును రాల్చగలిగినంత తక్కువ వేగంలో నడపాలి, దెబ్బతిన్న గింజ మొలకెత్తదు.

ఇదే మిషన్‌తో మక్కలు పట్టొచ్చా?

మక్కకు పనికొచ్చే కిట్టు ఉన్న మిషన్ అయితేనే. డ్రమ్ము వేగం వరికంటే బాగా తక్కువ, జాలీ సందు ఎక్కువ, జాలీ రంధ్రాలు పెద్దవి ఉండాలి. వరి జాలీతో మక్క పడితే గింజ పగిలి పిండి అవుతుంది. మక్క పట్టిన తర్వాత వరికి దిగేముందు జాలీ, జల్లెడలు రెండూ మళ్లీ మార్చి, ఎలివేటర్ అడుగు దులపాలి.